ఒక్క కూత చాలు అబ్బయా

నెల్లూరు

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయో చెప్పనే లేదు నువ్వు, ఈసారి మర్చిపోకు.

నువ్వు మొన్న అడిగిన సంగతి ఫోన్లో తేలేది కాదని రాస్తున్నా. హైవే మీద బండి ప్రమాదంలో పోయిన మన కబడ్డీ రైడర్‌కి ఈ సంక్రాంతి కబడ్డీ పోటీల్లో నివాళి పెట్టాలని ఉందన్నావు. కమిటీలో కొందరు నిలువెత్తు ఫ్లెక్సీ, పాలాభిషేకం, రెండు నిమిషాల మౌనం అంటున్నారట. ఇంకొందరు "వాడికి నివాళేంది" అని లేచిపోయారట. ఎవరి మాటా కొట్టిపారేసేది కాదు.

ఆ కుర్రాడి ఆట నేను రెఫరీగా గీత పక్కన నిలబడి చూశాను. ఎడమ కార్నర్ మీదికి పోతున్నట్టు పోయి, నడుము తిప్పి, కుడికాలి బొటనవేలితో అవతలి మూల వాణ్ణి తాకి వచ్చేవాడు. ముగ్గురు గొలుసు కట్టి మీద పడితే వాళ్ల చేతుల కింద నుంచి దూరి మధ్య గీత మీద వేలు పెట్టేవాడు. సింగరాయకొండ నుంచి కావలి దాకా ఆ ఆట చూడటానికే జనం బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. అదే కుర్రాడు విజిల్ పడ్డాక అవతలి ఊరి పిల్లవాడి మోకాలి మీద కావాలని పడ్డాడు. ఆ పిల్లవాడు ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడలేడు. ఇంకోసారి రెఫరీ చెంప మీద కొట్టి సస్పెండ్ అయ్యాడు. ఇవన్నీ అందరూ చూసినవే. డబ్బు తీసుకుని ఫైనల్ వదిలేశాడన్నది మాత్రం విన్నదే, ఎవరూ రుజువు చెయ్యలేదు. చూసినదాన్నీ విన్నదాన్నీ ఒకే గాటన కట్టొద్దు. దక్షిణాఫ్రికా క్రికెట్ కెప్టెన్ హాన్సీ క్రోనే 2000లో విచారణ కమిషన్ ముందు డబ్బు తీసుకున్నానని తానే ఒప్పుకున్నాడు, జీవితాంతం నిషేధం పడింది. 2002 జూన్‌లో విమానం కూలి పోయాడు. అట్లాంటి మనిషిని తలుచుకునేటప్పుడు ఆ సంగతి దాటేస్తే అబద్ధమవుతుంది. మనవాడి విషయంలో ఒప్పుకోలూ లేదు, విచారణా లేదు. కాబట్టి డబ్బు మాట మైకులో గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ రానివ్వకు. పోయినవాడు వచ్చి జవాబు చెప్పుకోలేడు కదా.

ఇక నివాళి ఎట్లా అన్నది. వాడు మంచివాడని జనం చేత అనిపించే పని కమిటీది కాదు. వాడి ఆట మన కోర్టుకు చేసిన మేలు నిజం, దానికి దండం పెట్టండి. అంతకంటే ఒక్క అడుగు ముందుకు పోయినా, వాడి చేతిలో దెబ్బతిన్నవాళ్ల నోరు నొక్కినట్టే.

మౌనం నాకు నచ్చకపోవటానికి రెండు కారణాలున్నాయి. మొదటిది నీకూ తెలుసు. మన పోటీల దగ్గర జనరేటరు మోత, బజ్జీల బండి, చంటిపిల్లలు, గాలిపటాల కోసం పరిగెత్తే పిల్లలు. రెండు నిమిషాలని మైకులో చెప్పి ఇరవై సెకన్లకే "కూర్చోండి" అనటం ఎన్నోసార్లు చూశాం. రెండోది అసలు కారణం. అందరూ లేచి గమ్మున నిలబడితే, కూర్చుని ఉన్నవాడు ఒక్కడు ఊరందరికీ కనపడతాడు.

అర్జెంటీనా ఫుట్‌బాల్ ఆటగాడు మారడోనా 2020 నవంబరు 25న పోయాడు. ఆ వారంలోనే స్పెయిన్‌లో ఒక ఆడపిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ముందు అతని కోసం మౌనం పాటించారు. పౌలా దపేనా అనే ఆటగత్తె ఒక్కతే వెనక్కి తిరిగి నేల మీద కూర్చుంది. ఆడవాళ్లను హింసించాడని ఆరోపణలున్న మనిషికి తాను లేచి నిలబడలేనంది. అతను పోయిన రోజే ఆడవాళ్లపై హింసకు వ్యతిరేకంగా ప్రపంచమంతా జరుపుకునే రోజు, ఆ బాధితుల కోసం ఎవరూ ఒక్క నిమిషం నిలబడలేదు గదా అని అడిగింది. ఆ తర్వాత ఆ పిల్లకు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. మారడోనా ఆట ఎంత గొప్పదైనా, అతని పేరు మీద ఒక ఆడపిల్లను బెదిరించటం నివాళి ఎట్లా అవుతుంది? మీ మౌనంలో ఆ మోకాలి పిల్లవాడి అన్న కూర్చునే ఉంటే మనూరి కుర్రాళ్లు ఏం చేస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని నా మాట విను. మౌనం బదులు కూత పెట్టించు. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ 2020 జనవరిలో హెలికాప్టర్ కూలి పోయిన రోజు, శాన్ ఆంటోనియో, టొరంటో జట్లు మ్యాచ్ మొదలుపెడుతూ చెరో 24 సెకన్లు బంతిని బుట్టలో వెయ్యకుండా నిలబడి గడియారాన్ని ఖర్చు చేశాయి. అతని జెర్సీ నంబరు 24, ఆ ఆటలో ఒక జట్టు బంతి వెయ్యటానికి ఉండే గడువూ 24 సెకన్లే. అతని మీద కూడా 2003లో లైంగిక దాడి కేసు పడింది. 2004లో క్రిమినల్ కేసు ఎత్తేశారు, సివిల్ దావా తర్వాత రాజీ అయింది. ఆ 24 సెకన్లలో ఆటగాళ్లు అతను దేవుడనీ అనలేదు, ఆ కేసు తవ్వనూ లేదు. ఆటలోని ఒక కొలత తీసుకుని అతనికి ఇచ్చారు. మన ఆటలో అట్లాంటి కొలత కూతే. రైడ్‌కి 30 సెకన్లు.

ఫైనల్‌కి ముందు రెండు జట్లనీ గీత బయటే నిలబెట్టు. వాడితో కలిసి ఆడిన కుర్రాడొకడు ఖాళీ కోర్టులోకి కూత పెట్టుకుంటూ పోయి, బాక్ లైన్ దాటి, మధ్య గీతకు తిరిగి వస్తాడు. రెఫరీ విజిల్ పడగానే జనమంతా వాడితో పాటు ఒకే ఊపిరిలో "కబడ్డీ కబడ్డీ" అంటారు. ఊపిరి అయిపోయినవాళ్లు ఆగిపోతారు. ముందు ముసలోళ్లు ఆగుతారు, తర్వాత పిల్లలు, చివరికి గుండె దమ్మున్న కుర్రాళ్లు నలుగురైదుగురి గొంతులే మిగులుతాయి. 30 సెకన్లకు విజిల్. అసలు నోరు తెరవని మనిషిని కూడా ఎవరూ కనిపెట్టలేరు, ఎందుకంటే ఎవరి ఊపిరి ఎప్పుడు ఆగిందో ఎవరికి తెలుస్తుంది? ఇష్టం లేనివాళ్లకి ఆ చోటు ఇవ్వటం కోసమే నేను ఇంతగా చెప్తున్నా.

మైకు నువ్వే పట్టుకో. నాయకులకు ఇచ్చావంటే అరగంట. నాలుగు ముక్కలు చాలు, ఇదిగో రాసిస్తున్నా: "ఈ కోర్టులో ఏళ్ల తరబడి కూత పెట్టిన మన ఆటగాడు ఈ ఏడు మన మధ్య లేడు. అతని ఆట మనం మర్చిపోలేం. అతని వల్ల దెబ్బతిన్నవాళ్లూ మనలో ఉన్నారు, వాళ్లనీ ఈ పూట తలుచుకుంటున్నాం. ఇప్పుడు అతని ఆట కోసం ఒక్క కూత." మూడో మాట తీసెయ్యమని నీ మీద ఒత్తిడి వస్తుంది. తియ్యకు. అది తీస్తే మిగిలిన మూడూ పొగడ్త అయిపోతాయి.

ఈ నాలుగు మాటలూ పోటీలకు వారం ముందే తీసుకుని ఆ మోకాలి పిల్లవాడి ఇంటికి పో. ఒక్కడివే పో, మందతో పోవద్దు. చదివి వినిపించు. క్షమించమని అడగొద్దు, స్టేజీ ఎక్కమని అసలే అడగొద్దు. క్షమించటం అతని ఇష్టం, మన కార్యక్రమంలో అదొక ఐటమ్ కాదు. ఏదన్నా మాట మార్చమంటే మార్చు. చెంపదెబ్బ తిన్న రెఫరీ దగ్గరికీ పో. విజిల్ ఆయన ఊదుతానంటే సంతోషం, ఊదనంటే ఇంకొకరిని పెట్టుకో, ఎందుకని అడక్కు.

జనం సంగతి కూడా ఒకటి చెప్పాలి, ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న మాట. 2007 అక్టోబరులో వడోదరలో, ముంబైలో మన స్టాండ్లలో కొందరు ఆస్ట్రేలియా క్రికెటర్ ఆండ్రూ సైమండ్స్‌ను చూసి కోతి అరుపులు అరిచారు. 2008 జనవరిలో సిడ్నీలో హర్భజన్‌తో గొడవ. రెండు నెలలు తిరక్కుండానే ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ అతణ్ణి వేలంలో కొనుక్కుంది, 2009లో కప్పు గెలిచినప్పుడు అతనూ ఆ జట్టులో ఉన్నాడు. 2022 మే నెలలో కారు ప్రమాదంలో పోతే మనవాళ్లు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు. ఆ బాధ నిజమే. ఆ అరుపులూ నిజమే. మన రైడర్ ఆ మోకాలి మీద పడ్డ రోజు ఈలలు వేసింది ఎవరు? మనూరి గట్టు మీద కూర్చున్నవాళ్లే. వాడు ఏం చేసినా చప్పట్లే కొట్టారు, వాడికి ఆపమని చెప్పినవాళ్లు లేరు. కాబట్టి ఈసారి పోటీల్లో విజిల్ తర్వాత దెబ్బ పడి, దానికి గట్టు మీద నుంచి ఈల వినపడితే, ఆట ఆపించు. వాడి పేరు తలుచుకున్న కోర్టులో ఆ పని మాత్రం జరగనివ్వొద్దు.

మిగతావి చిన్నవి. ఫొటో ఒకటి, దండ ఒకటి, స్కోరు బల్ల పక్కన చాలు. ఫ్లెక్సీ వేస్తే వాడి బొమ్మ కంటే నాయకుల బొమ్మలు పెద్దవి అవుతాయి, సింహం పులి అని బిరుదులు వస్తాయి, పాలు పొయ్యటం మొదలవుతుంది. కులం జెండా, పార్టీ కండువా కోర్టు తాడు లోపలికి రానివ్వకు, ఒకటి వస్తే పది వస్తాయి. జోహార్ అనేవాళ్లని ఆపొద్దు, మైకులో మాత్రం అనిపించొద్దు.

వాళ్లమ్మను పిలవాలా అన్నావు. నువ్వే ఇంటికి పోయి అడుగు. వస్తానంటే ఆడవాళ్ల వైపు నీడలో కుర్చీ వెయ్యి, స్టేజీ మీద కూర్చోబెట్టి ఏడిపించొద్దు, ఫోన్లతో ఆమె మొహం తియ్యనివ్వొద్దు. వసూలైన డబ్బు పండగయ్యాక ఇంటికి తీసుకుపోయి ఇవ్వు, కవరు పట్టుకున్న ఫొటో వద్దు.

కప్పుకు వాడి పేరు పెట్టే మాట ఈ ఏడు ఎత్తకండి. ఆ మోకాలి పిల్లవాడి ఊరి జట్టు ఆ కప్పు కోసం ఆడాలా వద్దా అన్నది వాళ్లకీ ఒక ఏడాది ఆలోచించుకోనివ్వండి. కమిటీ పెద్దలు వినకపోతే నాకు ఫోన్ కలుపు, నేను మాట్లాడతాను. భోగి రోజు సాయంత్రం బస్సుకు బయల్దేరుతున్నా.

ఆశీస్సులతో,
మీ మామయ్య