ఉల్లి నారు పోసేలోపే చదువు

గుంటూరు,
దసరా వెళ్ళిన వారం.

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పెరడంతా ఉల్లి వేస్తావట, వచ్చే వానాకాలం దాకా ఇంట్లో కొన్న ఉల్లిపాయ కనబడకూడదట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి బెజవాడలో మీ సింగ్ నగర్ ఇంట్లోకి వచ్చి పోయాక నువ్వు ఆ పెరటి తలుపే తియ్యడం లేదని మీ నాన్న ఎన్నిసార్లు నా దగ్గర బాధపడ్డాడో. ఇప్పుడు నువ్వే పార పట్టుకుంటానన్నావంటే సంతోషంతో నాకు మాట రాలేదు. ఫోన్ పెట్టేశాక టెన్షన్ మొదలైంది. పండవని కాదే, పండుతాయి. పండినవాటిని ఎక్కడ పెడతావో, ఎలా పెడతావో అని.

పండించే సంగతి గబగబా చెప్పేస్తాను. రబీ రకం అడిగి కొను. అగ్రిఫౌండ్ లైట్ రెడ్, భీమా శక్తి, భీమా కిరణ్ నిలవకు మంచివి. ఎన్-53 ఖరీఫ్‌ది, చూడ్డానికి ఎర్రగా బావుంటుంది కానీ ఎక్కువ రోజులు ఆగదు. ఆన్‌లైన్‌లో రంగుల బొమ్మ చూసి చలిదేశాల విత్తనం తెప్పించకు. వాటిలో చాలా రకాలకు పాయ ఊరాలంటే రోజుకి 14 గంటల పగలు ఉండాలి. బెజవాడలో నడివేసవిలో కూడా పగలు 13 గంటలే. కాడలు ఏపుగా పెరుగుతాయి, కింద ఏమీ ఉండదు.

అక్టోబరు చివర నారు పొయ్యి. ఆరేడు వారాలకు నాటుకి వస్తుంది. డిసెంబరు మొదట్లో తుపాను కబురు ఉందేమో చూసుకుని మరీ నాటు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు మా వీధిలో కొత్తగా నాటిన మొక్కలన్నీ నీళ్ళలో తేలాయి. మడి జానెడు ఎత్తున కట్టు. వరదకు చేరిన బురద పొరని ముందు తీసి పారబోయించు, దాంట్లో ఏ కాలవ మురికి కలిసిందో ఎవరికి తెలుసు? పెరుగన్నంలోకి పచ్చి ఉల్లిపాయ లేకపోతే ముద్ద దిగనిదానివి నువ్వు. వరసకీ వరసకీ 15 సెంటీమీటర్లు, మొక్కకీ మొక్కకీ 10. ఆకుల మీద వెండి చారలు కనిపిస్తే తామర పురుగు, వేపనూనె కొట్టు. పాయ సగం మట్టి పైకి తేలుతుంది, కంగారుపడి మట్టి ఎగదొయ్యకు. నాటిన రెండు నెలలు దాటాక యూరియా జోలికి పోకు, మెడలు లావెక్కుతాయి. లావు మెడ పాయ నిలవుండదు.

ఇక మీ మావయ్య కథ. నువ్వు అప్పటికి పుట్టలేదు. తాడికొండ చేలో బావి పక్కన మిరప తీసేసిన చెక్కలో ఆయన ఉల్లి వేశారు. పంట చూడముచ్చటగా వచ్చింది. మిర్చి పండించడంలో ఆయన్ని మించినవాడు లేడని ఊరంతా అనేది, ఆ మాట ఆయనా నమ్మేవారు. అందుకని ఉల్లికి కూడా మిరప మర్యాదలే చేశారు. నేల గట్టిగా ఉంది, పీకడానికి సుళువుగా ఉంటుందని ముందురోజు నీళ్ళు పెట్టించారు. కాడలు పచ్చగా నిలబడి ఉండగానే పీకించి, కొడవలితో పాయ నెత్తికి ఆనించి కోయించారు. కళ్ళంలో పరిచి మిరపకాయలకి మల్లే మండుటెండలో పెట్టారు. సాయంత్రం ఇంకా వేడి తగ్గకుండానే టిక్కీలకి, అదే మిర్చి నింపే గోనె బస్తాలకి ఎత్తి, కుట్టించి, వసారా గదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి పైన టార్పాలిన్ కప్పారు. మా అత్తగారు "కాస్త గాలాడనివ్వరా" అంటే, "మిర్చి యార్డుకి పంపే సరుకు ఎలా కట్టాలో నాకు తెలీదా" అన్నారు.

తొలకరికి వాసన మొదలైంది. ఎలక చచ్చిందన్నారాయన. గదంతా గాలించారు, పెంకులు తీయించారు, పక్కింటివాళ్ళ అటక కూడా వెతికించారు! చివరికి నేను ఒక టిక్కీ కుట్టు విప్పి చెయ్యి పెడితే మోచేతి దాకా జావ. పైవాటికి నల్ల బూజు. కిందనున్నవి మొలకలెత్తాయి, ఎండ సోకిన వైపు ఉడికినట్టు మెత్తబడ్డాయి. మంచివి ఏరితే రెండు గంపలు కూడా రాలేదు. ఆయన నోరెత్తలేదు. మర్నాడు గుంటూరు వెళ్ళి ఉల్లిపాయలు కొనుక్కొచ్చి, ఎవరూ అడక్కుండానే "కర్నూలువి" అన్నారు. ఈ ఉత్తరం చూస్తే ఇప్పుడు నా మీద ఎగిరేవారు కూడా. ఎగరడానికైనా ఉంటే బావుండేది.

జరిగిందేమిటంటే, పచ్చిగా కోసిన మెడ తెరిచిన తలుపు, బూజూ కుళ్ళూ అందులోంచే లోపలికి వెళ్తాయి. మెడ ఎండి బిగుసుకుపోతేనే పాయ నిలుస్తుంది. అందుకని సగం మొక్కల కాడలు వాటంతటవే వాలేదాకా ఆగు. నీకు ఏప్రిల్ మొదట్లో రావచ్చు. దానికి 10, 15 రోజుల ముందే నీళ్ళు ఆపెయ్యి. మొక్కలు వాడుతున్నాయని జాలిపడి చెంబుడు పోశావో, పడిన కష్టమంతా అందులోనే పోతుంది. పీకాక కాడలతోనే మడిలో పడుకోబెట్టు, ఒక వరస కాడలు ఇంకో వరస పాయల్ని కప్పేలా. నాలుగైదు రోజులు అలా ఆరాక, బొటనవేలి కణుపంత మెడ ఉంచి కాడ కొయ్యి. తర్వాత నీడలో, గాలి తగిలే చోట పది పన్నెండు రోజులు. మెడ నొక్కితే జారకూడదు, పైపొర గలగలలాడాలి. ఈ పనులన్నీ పొద్దున్న తొమ్మిదిలోపు చేసుకో. ఏప్రిల్ బెజవాడ ఎండలో తలకి గుడ్డ కూడా కట్టుకోకుండా తిరుగుతావు, మీ నాన్న పోలికే నీది.

లావు మెడవీ, పూతకాడ వేసినవీ, పార తగిలినవీ ముందు వండుకో. మిగతావి వలసంచుల్లో వేలాడదియ్యి, లేదా వెదురు తట్టలో పలచగా పరువు. బంగాళాదుంపల పక్కన వద్దు, వాటి చెమ్మ వీటికి పడదు. ఫ్రిజ్ అసలు వద్దు, ఆ చల్లదనానికి మొలకలొస్తాయి. వారానికోసారి తడిమి చూడు, మెత్తగా తగిలినదాన్ని వెంటనే తీసెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యం, పై అంతస్తులోనే పెట్టు. కింద గది చల్లగా ఉంటుందని మీ అమ్మ అంటుంది, వినకు. ఆ రోజు మీ ఫోన్లు కలవక, టీవీలో పడవలు చూస్తూ నేను ఎలా ఉన్నానో మీకెవరికీ చెప్పలేదు. మళ్ళీ నీళ్ళొస్తున్నాయని కేక వినబడితే పాయలు పోతే పోనీ, తట్ట కోసం మెట్లు దిగావో నా మీద ఒట్టే.

విత్తనం కొనేముందు ప్యాకెట్ ఫొటో వాట్సాప్‌లో పంపు, వెనకవైపు, తేదీ కనిపించేలా. ఏడాది దాటిన ఉల్లి విత్తనం సరిగ్గా మొలవదు. కొట్టువాడు బాగుందంటే బాగుందని తెచ్చేసుకోకు.

మీ అత్తయ్య