దస్తగిరి అన్న పేరు ఎవరిది?

"రాయలసీమలో హిందువులకు కూడా దస్తగిరి అన్న పేరు ఎందుకు ఉంటుంది? ఆ దస్తగిరి ఎవరు?" అని అడిగారు. నా పేరే దస్తగిరి కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మాది కర్నూలు జిల్లాలో ఒక పల్లె. హిందువులం. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు దక్కలేదు. నేను కడుపులో ఉన్నప్పుడు మా అవ్వ ఊళ్లో దస్తగిరి స్వామి పేరున నిలిపిన పచ్చజెండా దగ్గర మొక్కుకుంది. నేను బతికాను, ఆ పేరే పెట్టారు. ఏటా ఆ స్వామి పండుగ గ్యార్వీ నాడు అవ్వ చక్కెర మీద ఫాతిహా ప్రార్థన చదివించి వాడంతా పంచేది. శేషగిరి, వేదగిరి లాగా ఇదీ ఏదో కొండ పేరని పెద్దయ్యేదాకా అనుకున్నాను.

కువైట్‌లో డ్రైవరుగా ఉన్నప్పుడు, మా గదిలోని అఫ్గాన్ మిత్రుడు నా పేరు విని ఆశ్చర్యపోయాడు. నా చేయి పట్టుకుని "దస్త్ అంటే ఇది, గీర్ అంటే ఇలా పట్టుకోవడం" అని చూపించాడు. పారశీక మాట. పడిపోయేవాడి చేయి అందుకునేవాడు దస్తగీర్. బాగ్దాద్‌లోని సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జీలానీకి భక్తులు పెట్టుకున్న బిరుదు అది. మన ఊళ్లలో వినిపించే ఖాదర్, గౌస్, మొహియుద్దీన్, మహబూబ్ సుభానీ పేర్లు కూడా ఆయనను తలచుకుని పెట్టేవే.

ఆ తర్వాత ఆయన గురించి వెతికి వెతికి చదివాను. కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతంలో 1077-78 ప్రాంతంలో పుట్టాడు. 1095లో, పద్దెనిమిదేళ్ల వయసులో, చదువు కోసం బాగ్దాద్ చేరాడు. మహాపండితుడు గజాలీ పదవి వదులుకుని ఆ నగరం విడిచి వెళ్లిందీ ఆ ఏడాదే. జీలానీ ఇస్లాం ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హంబలీ శాస్త్రం చదివాడు. ఆధ్యాత్మిక మార్గంలో ఆయనకు దారి చూపినవాడు ఖర్జూరపు పాకం అమ్ముకునే హమ్మాద్. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇరాక్ ఎడారుల్లో ఒంటరిగా తిరిగాడని చెబుతారు. 1127లో జనం ముందు నిలబడి మాట్లాడేనాటికి ఆయనకు యాభై ఏళ్లు. తన గురువు ముఖర్రిమీ నడిపిన మదరసా ఆయన చేతికి వచ్చింది. 1166లో మరణించేదాకా అక్కడే పాఠం చెప్పాడు, అక్కడే సమాధి అయ్యాడు.

అవ్వకు తెలిసిన దస్తగిరి మహిమలు చూపే స్వామి. నేను పుస్తకాల్లో చూసింది ఒక పంతులును. ఆయన ప్రసంగాలు 62 ఒక సంపుటంగా మిగిలాయి. వాటిలో మహిమల ఊసు తక్కువ. పైకి భక్తి నటిస్తూ లోపల లోకం మీదే ఆశ పెట్టుకున్నవాళ్లను ఎదురుగా నిలబెట్టి అడిగినట్టు ఉంటుంది. నాకు ఈయనే ఎక్కువ నచ్చాడు. ఇబ్న్ ఖుదామా అనే యువకుడు చదువుకోవడానికి వచ్చి, ఆయన చివరి రోజుల్లో ఆయన దగ్గరే ఉన్నాడు. తర్వాత హంబలీ శాస్త్రంలో ఆ యువకుడంత పేరు తెచ్చుకున్నవాళ్లు అరుదు.

ఖాదిరీ అనే సూఫీ సంప్రదాయం ఆయన పేరు మీదే ఉన్నా, దానికి ఒక రూపు ఇచ్చింది మాత్రం కొడుకులు, శిష్యులు. అది పశ్చిమ ఆఫ్రికా నుంచి ఇండోనేషియా దాకా పాకింది. మొగల్ యువరాజు దారా షికో కూడా అందులో చేరినవాడే. బాగ్దాద్‌లోని సమాధి 1508లో ఇరాన్‌ను ఏలిన సఫవీల చేతిలో ధ్వంసమైతే, 1534లో ఆటోమన్ సుల్తాన్ సులేమాన్ తిరిగి కట్టించాడు.

ఇక హిందువులకు ఆ పేరు ఎందుకు అంటే, మా ఇంట్లో జరిగిందే చాలా ఇళ్లలో జరిగింది. మొక్కు తీరితే ఆ పేరు పెట్టాలి. అక్కడ మతం ఎవరూ అడగలేదు.

అవ్వ పోయాక చక్కెర నేను చదివిస్తున్నాను. పంచేముందు పిల్లలకు ఆయన చిన్ననాటి కథ చెబుతాను. బాగ్దాద్ వెళ్లే దారిలో దొంగలు అడిగితే, అమ్మ చొక్కాలో కుట్టి ఇచ్చిన నలభై దీనార్లు ఉన్నాయని దాచకుండా చెప్పేశాడట. నలభై దీనార్లంటే ఎన్ని రూపాయలని ఒకడు తప్పకుండా అడుగుతాడు.