సిమ్ తీసేసే ముందు ఇది చదువు

కర్నూలు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మీ నాయన పోయినాక ఆయన ఫేస్‌బుక్, వాట్సాప్ ఏం చేయాలని అడిగినావు. దివసాలు అయిపోయినాయి కదా అని అన్నీ ఒక్క రోజులో మూసేయాలని చూడొద్దు. ఈ పనిలో ఏది ముందు, ఏది వెనక అన్నదే ముఖ్యం.

ముందు సిమ్. రీఛార్జి దండగ అని మా అక్క, అదే మీ అమ్మ, అనవచ్చు, అయినా ఆపొద్దు. ఆపితే కొన్నాళ్లకు కంపెనీ నంబరు రద్దు చేసి, కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇస్తుంది. ఆ కొత్తాయన వాట్సాప్ పెట్టుకున్న రోజు మన బంధువుల ఫోన్లలో మీ నాయన పేరు మీద ఎవరిదో ముఖం కనబడుతుంది. మార్చకుండా వదిలేసిన ఖాతాల ఓటీపీలూ ఆయనకే పోతాయి. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రం, నీ ఆధార్ పట్టుకొని కంపెనీ స్టోరుకు పోయి నంబరు నీ పేరుకు మార్పించుకో. ఫోన్ చేతిలో ఉంది కదా అని ఫోన్‌పే తెరిచి డబ్బు మాత్రం తీయొద్దు. అది బ్యాంకులో నామినీ కాగితాలతోనే తేలాలి.

మరణం 21 రోజుల లోపల నమోదు కావాలి. దాటితే రుసుము, ఏడాది దాటితే మెజిస్ట్రేట్ ఉత్తర్వు దాకా పోతుంది. పత్రం రాగానే ఇంగ్లీషులో పేరు ఎట్లా పడిందో చూడు. ఫేస్‌బుక్ లాంటి వాళ్లకు పెట్టే అర్జీలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. పత్రంలో ఇంటిపేరుతో సహా నిండు పేరు ఉంటుంది, ఫేస్‌బుక్‌లో మనవాళ్లు ‘ప్రొద్దుటూరు రాజా’ అని పెట్టుకొని ఉంటారు. రెండూ పొసగకపోతే తిప్పి పంపుతారు. పేపర్లో వేయించిన శ్రద్ధాంజలిలో అసలు పేరుతో పాటు వాడుక పేరు కూడా ఉంటే దాన్ని జతచేయి.

ఫేస్‌బుక్‌కు దారులు రెండు. తీసేయిస్తే ఫోటోలు, కింద జనం రాసిన మాటలు అన్నీ పోతాయి, మళ్ళీ రావు. స్మారక ఖాతాగా మారిస్తే పేరు దగ్గర ‘రిమెంబరింగ్’ అని వస్తుంది, పాతవి ఉంటాయి, పుట్టినరోజు గుర్తుచేయడం ఆగుతుంది. ఇక పాస్‌వర్డ్ తెలిసినా లోపలికి ఎవరూ పోలేరు. చనిపోయినాయన పేరుతో డబ్బులడిగే దొంగలూ పోలేరు, కాబట్టి నేనైతే స్మారకమే అంటాను.

కానీ ఆ అర్జీ పెట్టక ముందు మీ బట్టల అంగడి పేజీ సంగతి చూడు. పేజీకి మీ నాయన ఒక్కడే అడ్మిన్ అయివుంటే, ఖాతా స్మారకం కాగానే పేజీ కూడా పోతుంది. నీకు గానీ అంగట్లో ఇంకెవరికి గానీ ఫుల్ కంట్రోల్ ఉందేమో ముందు తేల్చుకో. స్మారకం అర్జీ స్నేహితులు ఎవరైనా పెట్టవచ్చు. మంచి మనసుతోనే ఎవరో తొందరపడి పెడతారు, అందుకని దగ్గరివాళ్లకు ఇప్పుడే ఒక మాట చెప్పిపెట్టు. ఇన్‌స్టాగ్రామ్‌కూ ఈ రెండు దారులే. ఎక్స్‌లో, అంటే పాత ట్విట్టర్‌లో, ఖాతా మూయించడం తప్ప ఇంకేం లేదు.

వాట్సాప్‌లో స్మారకం అనేదే లేదు. 120 రోజులు వాడకపోతే ఖాతాను వాళ్ళే తీసేస్తారు. ఆలోపల ఫోన్‌లోని ఫోటోలు, వాయిస్ మెసేజీలు కంప్యూటర్లోకి ఎక్కించు. ఆయన నీకు పంపిన వాయిస్‌లు నీ ఫోన్‌లోనూ ఉన్నాయి. నువ్వు ఫోన్ మార్చినపుడు పోయేవి ముందు అవే. వాటికి స్టార్ కొట్టి వదిలేస్తే చాలదు, ఫైళ్లుగా దించుకో.

జీమెయిల్‌కు గూగుల్‌లో మరణించిన వారి ఖాతా కోసం వేరే అర్జీ ఉంది. ఖాతా మూస్తారు, పరిశీలించి కొంత డేటా ఇస్తే ఇస్తారు. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ ఇవ్వరు. రెండేళ్లు ఎవరూ తాకని ఖాతాను డ్రైవ్, ఫోటోలతో సహా తుడిచేసే అధికారం గూగుల్ పెట్టుకుంది. అందుకని దీన్ని సంవత్సరీకం దాకా సాగదీయొద్దు.

ఇక అక్క ఫోన్, నీ ఫోన్. ఫేస్‌బుక్ అకౌంట్స్ సెంటర్‌లో పర్సనల్ డీటెయిల్స్, దాంట్లో అకౌంట్ ఓనర్‌షిప్, మెమోరియలైజేషన్ అని పోతే లెగసీ కాంటాక్ట్‌ను, అంటే మనం పోయినాక ఖాతా చూసుకునే మనిషిని, పెట్టుకోవచ్చు. ఆ మనిషి ప్రొఫైల్ ఫోటో మార్చగలడు, ఖాతా తీసేయించగలడు, మెసేజీలు మాత్రం చదవలేడు. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది. 3, 6, 12, 18 నెలల్లో ఒక గడువు ఎంచుకొని, 10 మంది దాకా పేర్లు ఇవ్వవచ్చు; అంతకాలం ఖాతా వాడకపోతే వాళ్లకు కబురు పోతుంది. వాళ్ల ఫోన్ నంబరు మారినప్పుడల్లా అక్కడా మార్చాలి, లేకపోతే వాళ్లను సరిచూసుకునే కోడ్ పాత నంబరుకే పోతుంది.

నీది ఐఫోన్ కదా, దాంట్లోనూ లెగసీ కాంటాక్ట్ పెట్టుకుంటే ఒక యాక్సెస్ కీ వస్తుంది. మరణ ధ్రువపత్రంతో పాటు ఆ కీ లేకపోతే ఆపిల్ ఈ దారిలో తలుపు తీయదు. ప్రింటు తీసి మీ అంగడి దస్తావేజుల్లో పెట్టి, ఎక్కడుందో నీ చెల్లెలికి చెప్పు.

ఇట్లు
మీ మామ