నూటికి 46

అమ్మలూ,

మీ అమ్మ ఫోన్ చేసింది. టెన్నిస్ ఆటలో రెండు మ్యాచ్ పాయింట్లు, అంటే ఒక్కటి గెలిచినా మ్యాచ్ నీదే అయ్యే పాయింట్లు, చేతిలో ఉండగా ఓడిపోయావట. ఇంటికి రాగానే రాకెట్ బ్యాగు అటక మీద పడేశావట. మూడు రోజులుగా ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదట. మాట్లాడకపోతే ఫర్వాలేదు, నీ వయసులో నేను నెల రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి తర్వాత చెబుతాను. కానీ నువ్వు అన్న ఇంకో మాట నాకు నచ్చలేదు. "ఫెదరర్ లాంటివాళ్లు పుట్టుకతోనే అంత. నాలాంటిది ఎంత ఆడినా ఇంతే" అన్నావట. ఆయన బొమ్మ గోడకు అంటించుకున్నావు గానీ ఆయన కథ చదవలేదన్నమాట.

అందరూ ముందు కప్పులే లెక్కపెడతారు. 20 గ్రాండ్‌స్లామ్ (ఏటా జరిగే నాలుగు పెద్ద టోర్నీలు) సింగిల్స్ టైటిళ్లు, అందులో 8 వింబుల్డన్‌లు, వరుసగా 237 వారాలు నంబర్ వన్. ఇది చదివితే దణ్ణం పెట్టాలనిపిస్తుంది తప్ప నీ ఆటకు ఒరిగేదేమీ లేదు. ఒక కాగితం తీసుకుని ఆయన వింబుల్డన్ లెక్క మొదటి నుంచీ రాయి. 1999లో మొదటి రౌండ్‌లోనే ఇంటికి. 2000లో మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి. 2001లో నాలుగో రౌండ్‌లో సాంప్రాస్‌ని ఐదు సెట్లలో ఓడించాడు. అప్పటికి వరుసగా నాలుగేళ్లుగా ఆ కప్పు సాంప్రాస్‌దే. ఇక ఈ కుర్రాడిదే రాజ్యం అన్నారంతా. క్వార్టర్ ఫైనల్లో హెన్మన్ చేతిలో ఓడాడు. సరే, వచ్చే ఏడు చూద్దాం అనుకుంటే 2002లో ఆన్చిచ్ అనే 18 ఏళ్ల కుర్రాడు, ముందు అర్హత మ్యాచ్‌లు ఆడి వచ్చినవాడు, మొదటి రౌండ్‌లోనే మూడు వరుస సెట్లలో చుట్టేశాడు.

2003 మే నెలాఖరులో ఫ్రెంచ్ ఓపెన్. అక్కడా మొదటి రౌండ్‌లోనే హోర్నా చేతిలో, అదీ వరుస సెట్లలో ఓటమి. ఆ రాత్రి ఆయన బ్యాగు కూడా అటకెక్కి ఉంటే? ఎక్కలేదు. ఆరు వారాలు తిరిగేసరికి, జులై 6న, వింబుల్డన్ కప్పు ఎత్తాడు.

కోర్టులో ఆయన ప్రశాంతత కూడా పుట్టుకతో వచ్చిందేమీ కాదు. చిన్నప్పుడు పాయింట్ పోతే అరిచేవాడు, రాకెట్ విసిరేసేవాడు, ఓడితే ఏడ్చేవాడు. 14 ఏళ్లప్పుడు స్విట్జర్లాండ్‌లోనే జర్మన్ మాట్లాడే బాసెల్ నుంచి ఫ్రెంచ్ మాట్లాడే ఎకుబ్లాన్స్ శిక్షణ కేంద్రానికి వెళ్లాడు. భాష రాదు, ఇంటి మీద బెంగ. చిన్నతనంలో ఆటను తీర్చిదిద్దిన కోచ్ పీటర్ కార్టర్ 2002లో కారు ప్రమాదంలో పోయాడు. ఆ పేరెత్తితే ఏళ్ల తర్వాత కూడా ఇంటర్వ్యూలో కన్నీళ్లు ఆపుకోలేకపోయాడాయన. మనం టీవీలో చూసిన ఆ నిమ్మళం ఎన్నేళ్లకు వచ్చిందో చూశావుగా.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో పట్టా అందుకుంటున్న పిల్లలతో మాట్లాడుతూ ఆయన తన లెక్క చెప్పాడు. ఆడిన సింగిల్స్ మ్యాచ్‌లు 1,526. వాటిలో గెలిచినవి దాదాపు 80 శాతం. మరి పాయింట్లలో గెలిచినవి? 54 శాతం. అంటే నూటికి 46 పాయింట్లు పోగొట్టుకుంటూనే ఆయన ఫెదరర్ అయ్యాడు. నలభై ఏళ్లుగా కోర్టు పక్కన నిలబడుతున్నవాణ్ణి, నాకే ఆ అంకె విని దిమ్మ తిరిగింది. పాయింట్ పోతే తప్పు జరిగిపోయిందని ఎంతమంది పిల్లల మీద అరిచానో అప్పుడు గుర్తొచ్చింది.

కాబట్టి నీ బుర్రలో ముందు మార్చుకోవాల్సింది ఇదే. పాయింట్ పోవడం ఈ ఆటలో రోజువారీ వ్యవహారం. అది పోయాక నువ్వేం చేస్తున్నావన్నదే నేను చూస్తాను. నిబంధన ప్రకారం పాయింటుకూ పాయింటుకూ మధ్య 25 సెకన్లు ఉంటాయి. బంతి ఆటలో ఉన్న సమయం కంటే ఈ ఖాళీ సమయమే మ్యాచ్‌లో ఎక్కువ. దాన్ని ఎలా గడపాలో మాత్రం ఎవరూ నేర్పరు, నేనూ చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇలా చెయ్యి. పాయింట్ పోయిందా, వెంటనే నెట్‌కి వీపు తిప్పు. ఎదుటి అమ్మాయి పిడికిలి బిగించి అరుస్తుంటే చూడాల్సిన అవసరం నీకు లేదు. రాకెట్ ఎడమ చేతిలోకి మార్చు. ఇది చిన్న పనే కానీ బిగుసుకుపోయిన కుడి చెయ్యి అప్పుడే వదులవుతుంది. వెనక కంచె దాకా నడిచి వెళ్లు, తొందరపడకు. ఆ నాలుగడుగుల్లో తిట్టుకోవాలంటే తిట్టుకో, మనసులోనే. కంచె దగ్గర తీగలు సర్దుకుంటున్నట్టు రాకెట్ వంక చూడు, ఊపిరి పూర్తిగా బయటకు వదిలెయ్యి. పీల్చడం దానంతటదే జరుగుతుంది. వెనక్కి తిరిగేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకో: తర్వాతి బంతి ఎక్కడ వెయ్యాలి? జవాబు దొరికాకే గీత దగ్గరకు రా. ఫెదరర్ ప్రత్యర్థి నాదల్ తన నీళ్ల సీసాల లేబుళ్లు ఒకే దిక్కుకు ఉండేలా సర్దుకుంటుంటే మనం నవ్వుకున్నాం, గుర్తుందా? ఆయన చేసిందీ ఇదే, ఆయన పద్ధతిలో.

ఇంకో మాట. "డబుల్ ఫాల్ట్ చెయ్యకూడదు", అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకోకూడదు, అని మాత్రం అనుకోకు. ఒకసారి నేను పెంచిన కుర్రాడికి సరిగ్గా ఈ మాటే చెప్పి కోర్టులోకి పంపాను. రెండు నిమిషాల్లో డబుల్ ఫాల్ట్ చేశాడు. వాడి తప్పు కాదు, నా నోటి తప్పు. చెయ్యకూడనిది చెబితే మనసు దాని చుట్టూనే తిరుగుతుంది. ఎక్కడ వెయ్యాలో చెబితే చెయ్యి అటు పోతుంది.

నా కథ చెబుతానన్నాను కదా. నాకు అప్పుడు 19 ఏళ్లు. మూడో సెట్లో 5-3, 40-30, సర్వ్ నాది, ఒక్క పాయింట్ వస్తే మ్యాచ్ నాదే. డబుల్ ఫాల్ట్ చేశాను. లోపల పడిందని అంపైర్‌తో వాదించాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి 5-7తో ఓడి రాకెట్ ఇనప స్తంభానికేసి కొట్టాను. అది విరిగింది గానీ నా కోపం తగ్గలేదు. ఆ ఒక్క పాయింట్ నా కొంప ముంచిందని ఎవరితోనూ మాట్లాడకుండా లోలోపలే కుమిలిపోయాను. మీ అమ్మ గ్యాలరీలో కూర్చుని నోట్‌బుక్‌లో పాయింట్లు రాసేది. నెల తర్వాత ఆ నోట్‌బుక్ నా ముందు తెరిచి పెట్టింది. డబుల్ ఫాల్ట్ తర్వాత నేను గెలిచినవి మూడే మూడు పాయింట్లు! మ్యాచ్ నన్ను వదిలేసి నాలుగు గేములు ముందుకు పోయింది, నేను ఆ ఒక్క బంతి దగ్గరే ఆగిపోయాను. ఆ నోట్‌బుక్ ఇప్పటికీ మీ అమ్మ దగ్గరే ఉంది, అడిగి చూడు.

2019 వింబుల్డన్ ఫైనల్ కూడా చూడు, దాటెయ్యకుండా. ఐదో సెట్లో 8-7, 40-15, సర్వ్ ఫెదరర్‌ది, వయసు 38కి నెల తక్కువ. నీలాగే రెండు మ్యాచ్ పాయింట్లు. మొదటిది తన ఫోర్‌హ్యాండ్ బయటికి పోయింది. రెండోదానికి నెట్ దగ్గరకు దూసుకొచ్చాడు, ఎదుటి ఆటగాడు జొకోవిచ్ పక్కనుంచి అడ్డంగా కొట్టేశాడు. రెండూ పోయినవే అయినా రెండూ ఒకటి కావు. మొదటిది తన పొరపాటు, సాధనతో సరిచేసుకోవచ్చు. రెండోది ఎదుటివాడి గొప్ప, దానికి మనసులో చప్పట్లు కొట్టి వదిలెయ్యడమే. నీ రెండు మ్యాచ్ పాయింట్లూ ఇలా విడదీసి నాకు రాసి పంపు. సాకులు వద్దు, బంతి ఎక్కడ పడిందో రాస్తే చాలు.

గేమ్ పోయి 8-8 అయ్యాక కూడా ఆయన కూలబడలేదు. ఇంకో ఎనిమిది గేములు ఆడి 12-12 దాకా లాక్కెళ్లాడు, సెట్ తేల్చడానికి ఆడే టైబ్రేక్‌లో ఓడాడు. మొత్తం 4 గంటల 57 నిమిషాలు. పాయింట్లు కూడితే ఆయనకు 218, జొకోవిచ్‌కి 204. ఎక్కువ పాయింట్లు గెలిచినవాడే ఓడాడు. ఈ ఆటలో అన్యాయం ఉందని నువ్వు అంటే నేను కాదనను.

ఓటమి నుంచి నేర్చుకోవడం అని అందరూ ఊరికే అంటుంటారు, అది ఎలా ఉంటుందో చెబుతాను. నాదల్ టాప్‌స్పిన్‌తో, అంటే బంతిని ముందుకు గిర్రున తిప్పుతూ, కొట్టే ఫోర్‌హ్యాండ్ ఫెదరర్ ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ వైపు భుజమంత ఎత్తుకు లేచేది. ఏళ్ల తరబడి అక్కడే దెబ్బతిన్నాడు. తీగల భాగం 90 చదరపు అంగుళాలున్న రాకెట్ వదిలి 97కి మారాడు. అప్పటికి 17 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన చేతికి కొత్త రాకెట్ అలవాటు చెయ్యడం మాటలా! 2016లో మోకాలికి ఆపరేషన్ అయింది, ఆ ఏడు వింబుల్డన్ తర్వాత ఆడలేదు. 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో ఎదురుగా అదే నాదల్, ఐదో సెట్లో ఫెదరర్ 1-3 వెనక. బంతి భుజం దాకా లేవకముందే ముందుకొచ్చి బ్యాక్‌హ్యాండ్ కొట్టాడు, వరుసగా ఐదు గేములు గెలిచి 6-3తో ముగించాడు.

నీ సంగతి నాకు తెలిసినంతలో సెకండ్ సర్వ్‌లో ఉంది. టెన్షన్ వస్తే నీ చెయ్యి మెల్లగా తిరుగుతుంది, బంతి నెట్‌లో చచ్చిపోతుంది. సెకండ్ సర్వ్ అంటే మెల్లగా కొట్టడం కాదమ్మా. చెయ్యి ఫస్ట్ సర్వ్ అంత వేగంగానే తిరగాలి, కాకపోతే బంతిని కింద నుంచి పైకి ఒరుసుకుంటూ పోవాలి. ఆ తిప్పుడే దాన్ని నెట్ మీదుగా ఎత్తి లోపల దించుతుంది. ఇదంతా నీకు తెలుసు. బుట్టెడు బంతులతో సాధన చేసేటప్పుడు చక్కగా చేస్తావు కూడా. ఒకటి పోతే చేతికి వెంటనే ఇంకోటి దొరుకుతుంది కదా, భయమేముంది!

అందుకే ఆదివారం పొద్దున ఆరింటికి వస్తున్నాను, బుట్ట తేను. ఒక్కటే బంతి. 30-40, అంటే ఇంకో పాయింట్ పోతే గేమ్ పోయినట్టే, అనుకుని సెకండ్ సర్వ్ వేస్తావు. నెట్‌కి తగిలితే నడిచి వెళ్లి నువ్వే తెచ్చుకోవాలి, కంచె దాకా వెళ్లి ఊపిరి వదిలి మళ్లీ వెయ్యాలి. గంటకి ముప్పై సర్వ్‌లు పడితే గొప్ప. బ్యాగు దింపేటప్పుడు జాగ్రత్త, ఆ అటక మెట్టు ఒకటి కదులుతుంది.

మీ మామయ్య