స్ప్రే ఫోమ్ మెషీన్ ఇప్పుడే కొనకండి

ఇళ్ల ఇన్సులేషన్ (బయటి వేడి, చలి లోపలికి రాకుండా ఆపే పని) వ్యాపారానికి ఉన్న డబ్బంతా స్ప్రే ఫోమ్ మెషీన్ మీద పెట్టాలా అని అడిగారు కదా, నేనైతే పెట్టను. స్ప్రే ఫోమ్ అంటే రెండు రసాయనాలు కలిపి చల్లితే ఉబ్బి గట్టిపడే నురగ. వాటి పాళ్లు కాస్త తప్పినా ఫోమ్ సరిగ్గా గట్టిపడదు, వాసన ఓ పట్టాన వదలదు, గీకి తీయడం నరకం.

ముందు బ్లోయర్ డోర్ అద్దెకు తెచ్చి ఇళ్లలో గాలి ఎక్కడ లీకవుతుందో పరీక్షించడం నేర్చుకోండి. వీధి తలుపు తెరిచి ఆ ఖాళీలో దాని ఫ్యాన్ బిగించి లోపలికీ బయటికీ గాలి ఒత్తిడిలో 50 పాస్కల్స్ తేడా తెస్తే, స్విచ్‌బోర్డు సందులోంచి కూడా గాలి చేతికి తగులుతుంది. ఇంటివాళ్ల చెయ్యి అక్కడ పెట్టించండి, ఇక వేరే ప్రచారం అక్కర్లేదు.

సందులన్నీ మూశాకే పైకప్పు కింద సెల్యులోజ్ అనే ఇన్సులేషన్ పదార్థం నింపండి. అది చాలావరకు పాత న్యూస్‌పేపర్లతో చేసేదే. కప్పు కారుతుంటే మాత్రం ఆ పని ఒప్పుకోకండి. తడిసి బూజు పడితే మాట మీకే వస్తుంది.