వరద రోజుల్లో ఫోన్లకి సోలార్ పవర్ బ్యాంక్ పనికొస్తుందా?

మీది గోదావరి మధ్యలోని లంక గ్రామం, వరదొస్తే నాలుగైదు రోజులు కరెంటుండదు, పైన సోలార్ పలక అతికించిన పవర్ బ్యాంక్ ఒకటి కొంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండి. కొని, చేతులు కాల్చుకున్నాక చెబుతున్నా.

మాదీ పి.గన్నవరం వైపు లంకే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా వీధిలో నడుం లోతు నీళ్లు. ఇంటిల్లిపాదీ డాబా మీదే. పొద్దున్నే ఆ పవర్ బ్యాంకుని పిట్టగోడ మీద పెట్టాను. దానికి నాలుగు చుక్కల లైట్లుంటాయి కదా, సాయంత్రం దాకా మొదటి చుక్కే మినుకుమినుకుమంటూ ఉంది. మబ్బు పట్టిన మాట నిజమే కానీ, ఎండ కాసినా పెద్దగా ఒరిగేది లేదు. అరచేయంత పలక మంచి ఎండలో ఇచ్చేది ఒకటి, ఒకటిన్నర వాట్. 10,000 ఎంఏహెచ్ బ్యాంకులో పట్టేది 37 వాట్ అవర్లు, అంటే ఒక వాట్ చొప్పున 37 గంటలు ఇస్తే గానీ నిండదు. రోజూ ఎండ కాస్తే దాదాపు వారానికి నిండుతుంది. అప్పటికి వరదే తీసేస్తుంది!

మూడో రోజు ఎండొచ్చింది. అప్పుడు ఇంకో తంటా. చెయ్యి పెడితే పెనంలా ఉంది. నెల తిరిగేసరికి పొట్ట ఉబ్బింది, తీసి పక్కన పెట్టేశాను. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. దీన్నేమో ఎండలో పెడితే తప్ప చార్జ్ కాదు. పలకనీ బ్యాటరీనీ ఒకే డబ్బాలో పెట్టాలన్న ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, మన ఎండలు చూసుండరు.

ఇప్పుడు మా ఇంట్లో మామూలువే, 20,000 ఎంఏహెచ్‌వి రెండున్నాయి. టీవీలో భద్రాచలం 43 అడుగులు, మొదటి హెచ్చరిక అనగానే రెంటినీ ప్లగ్గులో పెట్టేస్తాం. అక్కడి నీళ్లు మన దాకా వచ్చేలోపు ఇవి నిండుతాయి. ఒక్కోటి 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ని నాలుగుసార్లు నింపుతుందని లెక్కేసుకోకండి. వోల్టేజి మార్చడంలో, వేడిలో కొంత పోతుంది. రెండున్నర సార్లు, మహా అయితే మూడు. కొనేటప్పుడు డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ‘రేటెడ్ కెపాసిటీ’ అని ఉంటుంది, ముందున్న పెద్ద అంకె వదిలేసి అది చూడండి.

సోలార్ అసలొద్దనడం లేదు. వాన వెలిసి, కరెంటు రాని రోజులకి అదే దిక్కు. బ్యాటరీ లేని మడతపెట్టే పలక విడిగా కొనండి. నాది 21 వాట్లని రాసుంటుంది, మంచి ఎండలో 12, 13 వస్తే గొప్ప. మబ్బు పడితే ఒకటి రెండుకి పడిపోతుంది. మన దగ్గర మబ్బు కన్నా కొబ్బరిచెట్టు ఎక్కువ ఇబ్బంది. ఒక్క మట్ట నీడ పలక మీద అడ్డంగా పడినా కరెంటు బాగా తగ్గిపోతుంది, లోపలి గడులన్నీ ఒకదానికొకటి గొలుసులా కలిపి ఉంటాయి కాబట్టి. గంటకోసారి పలకని నీడ నుంచి జరుపుకోవాల్సిందే. దక్షిణానికి వాల్చాలని చెబుతారు, అది చలికాలం మాట. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం సూర్యుడు మనకి దాదాపు నడినెత్తినే ఉంటాడు. డాబా మీద పడుకోబెట్టేస్తే చాలు.

పలక ఎండలో, పవర్ బ్యాంకు నీడలో. నేను పలక కిందే బోర్లించిన బుట్టలో పెడతా. ఫోన్‌ని నేరుగా పలకకి తగిలించకండి, మబ్బు వచ్చిపోయినప్పుడల్లా చార్జింగ్ ఆగుతూ మొదలవుతూ ఉంటుంది. పగలు బ్యాంకు నింపి, రాత్రి ఫోన్ పెట్టుకోవడమే మేలు. తడి పోర్టులో మాత్రం వైరు గుచ్చకండి.

ఇంకో సంగతి నాకు ఆ వరదలోనే తెలిసింది. టవర్ పడుకుంటే ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటూ బ్యాటరీ తినేస్తుంది. మా తమ్ముడి ఫోన్ ఏం వాడకుండానే సాయంత్రానికి చచ్చింది. సిగ్నల్ లేదంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి తీసి చూసుకోండి.

ఆ నాలుగు రోజులూ చివరిదాకా నిలిచింది అమ్మ కీప్యాడ్ ఫోనే. దాని బ్యాటరీ వెయ్యి ఎంఏహెచ్. హైదరాబాద్‌లో ఉన్న అక్కకి రోజూ పొద్దునా సాయంత్రం క్షేమంగా ఉన్నామని చెప్పింది దాంట్లోంచే. వరదకి పాములు మెట్లెక్కుతాయి కదండీ, రాత్రుళ్లు కిందికి దిగాల్సొస్తే దాని టార్చి వెలుగులోనే ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగేవాళ్లం.