పొద్దున్నే టిఫిన్ సెంటర్ తెరుస్తానంటున్న మేనకోడలికి

బిడ్డా,

నయీంనగర్‌లో మడిగ చూశావని, దసరా నాటికి టిఫిన్ సెంటర్ మొదలుపెడతావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకటే సంబరం. మన ఇంట్లో ఆడపిల్ల తన పేరుతో బోర్డు రాయించుకోవడం ఇదే మొదలు. ఆ వెంటనే "పొద్దున ఆరింటికే తెరుస్తదట వదినా" అన్నది. సగం సంబరం అక్కడే దిగిపోయింది.

ఫుడ్ లైసెన్స్ తీసుకో. కమర్షియల్ సిలిండరే వాడు. ఉద్దెర మొదలుపెట్టకు. ఇవన్నీ నీకు తెలిసినవే. నాకు టెన్షన్ నీ నిద్ర గురించి.

ఆరింటికి షట్టర్ లేవాలంటే నువ్వు మూడున్నరకు లేవాలి. ఏడు గంటలు పడుకోవాలంటే రాత్రి ఎనిమిదిన్నరకే కన్ను మూయాలి. నీకు ఎన్నడైనా పన్నెండు లోపల నిద్ర పట్టిందా? నీకు ఏడీహెచ్‌డీ, అదే ఒకదాని మీద ధ్యాస నిలవని ఆ సమస్య, ఉందని అందరికంటే ఎక్కువ గంటలు పడుకోవాలనేం లేదు. పెద్దవాళ్లెవరికైనా ఏడు గంటలకు తగ్గకూడదు, నీకూ అంతే. తేడా అంతా ఆ నిద్ర ఎప్పుడు వస్తుందన్న దాంట్లో ఉంది. చీకటి పడ్డాక ఒంట్లో మెలటోనిన్ పెరుగుతుంది, నిద్రకు సిద్ధం చేసేది అదే. ఏడీహెచ్‌డీ ఉండి, రాత్రి తొందరగా నిద్ర పట్టని పెద్దవాళ్లలో అది గంటన్నర దాకా ఆలస్యంగా మొదలవుతుందని పరిశోధనల్లో తేలింది. నువ్వు ఎనిమిదిన్నరకు మంచమెక్కినా ఫోన్ చూస్తూ పదకొండు చేస్తావు. దాన్ని బద్ధకం అనకూడదు. ఈ ముక్క మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు.

మీ బాపు సంగతి నీకు పూర్తిగా తెలియదు. నువ్వు పుట్టకముందు వాడు పేపర్ ఏజెన్సీ తీసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికల్లా బస్టాండ్ దగ్గర కట్టలు దించుకుని పిల్లలకు పంచాలి. వాడూ నీలాంటోడే, రాత్రయితేనే హుషారు. ఒంటిగంటకు కూర్చొని రేడియో విప్పి మళ్లీ బిగించేవాడు. వారమంతా రెండు మూడు గంటల నిద్ర. నేనేమన్నా అంటే "ఆదివారం అంతా కలిపి పడుకుంటా అక్కా" అనేవాడు. అక్కడే దెబ్బతిన్నాడు. ఆదివారం పంపకం అయిపోయాక ఎనిమిదింటికి పడుకుంటే దీపాలు పెట్టే వేళకు లేచేవాడు. ఇక ఆ రాత్రి నిద్ర ఎట్లా వస్తుంది? జాగారమే. సోమవారం చాయ్ మీద చాయ్. మంగళవారానికి ఒకరి పేపరు ఇంకొకరి ఇంట్లో పడేది, వసూలు చేసిన డబ్బులు ఏ జేబులో పెట్టాడో తెలిసేది కాదు. జనం మతిమరుపోడని నవ్వేవాళ్లు. ఉన్న మతిమరుపుకు నిద్రలేమి తోడయింది, ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. చివరికి ఒకరోజు కాజీపేట రోడ్డు మీద స్కూటర్ నడుపుతూనే కునికాడు. ఆ రాత్రి క్యాజువాలిటీలో డ్యూటీ నాదే. తెల్లారేముందు అట్లాంటి కేసులు వస్తూనే ఉంటాయి, స్ట్రెచర్ దగ్గరికి పోయి మొహం తుడిచేదాకా మా తమ్ముడని నాకు తెలియదు. వాడి మోకాలి కింద మచ్చ కబడ్డీలో తగిలిందని మీకు చెప్పుకున్నాడు గానీ, అది ఈ దెబ్బే.

తర్వాత సైకిల్ షాపు పెట్టాడు. పదకొండింటికి తెరిచి రాత్రి తొమ్మిదింటికి మూసేవాడు. మతిమరుపు పోలేదు, షాపు మాత్రం నిలబడింది. ఏడీహెచ్‌డీ చాలావరకు వంశంలో వచ్చేదే. డాక్టరు నీకు పేరు పెట్టి చెప్పిన రోజు నాకు ముందు వాడే గుర్తొచ్చాడు.

అందుకే అంటున్నా, సాయంత్రం నాలుగింటికి తెరువు. నయీంనగర్ హాస్టల్ పిల్లలకు పొద్దున ఇడ్లీ ఎక్కడైనా దొరుకుతుంది. పెనం మీద నుంచి తీసిన మిర్చి దోశ, అప్పుడే దించిన సర్వపిండి ఎంతమంది పెడుతున్నారు? తొమ్మిదిన్నరకు మూసి, అన్నం తిని, పన్నెండుకు పడుకో. ఎనిమిదింటికి లే. సెలవు రోజైనా సరే, అదే ఎనిమిది. లేవగానే డాబా మీద కాసేపు ఎండలో నిలబడు, రాత్రి నిద్ర తొందరగా వచ్చేట్టు శరీరంలోని గడియారాన్ని జరిపేది ఆ వెలుతురే. షాపులో నీ చేత్తోనే చాయ్ కాస్తావు కాబట్టి ఇది కష్టమే, అయినా సాయంత్రం నువ్వు తాగకు. కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది.

ఏడీహెచ్‌డీ మాత్ర పొద్దున మరచిపోయి మధ్యాహ్నం గుర్తొస్తే ఏం చేయాలో ముందే డాక్టరును అడిగి పెట్టుకో. అది లాంగ్ యాక్టింగ్ మిథైల్‌ఫెనిడేట్, అంటే గంటల తరబడి పనిచేసే రకం అయితే, మధ్యాహ్నం వేసుకుంటే దాని ప్రభావం రాత్రి దాకా ఉంటుంది. మెలటోనిన్ కూడా సొంతంగా కొనుక్కోకు, ఎంత, ఏ టైమ్‌కు అన్నది ఆయనే చెప్పాలి. రాత్రి కాళ్లు లాగుతున్నట్టుంటాయి, కదపకుండా ఉండలేనని మొన్న పండక్కి అన్నావు. ఫెరిటిన్ పరీక్ష చేయించుకో బిడ్డా, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్త పరీక్ష అది. నీలాంటి వాళ్లలో ఆ బాధ ఎక్కువగా కనిపిస్తుంది, ఒంట్లో ఐరన్ తగ్గితే ఇంకా ఎక్కువవుతుంది.

మడిగకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదట కదా. ఇచ్చేముందు రాత్రి పదింటి దాకా నీళ్లు వస్తాయా, పక్క షాపులు ఎన్నింటికి మూస్తారు అని కనుక్కో. సర్వపిండికి నా దగ్గర మందపాటి గంజులు రెండున్నాయి, కొత్తవి కొనకు. ఆదివారం వచ్చి తీసుకుపో, పది దాటాకే రా.

మీ అత్తమ్మ